ఊరి పేరు ఎవరి పేరు మీద?

జాలర్ల ఊరు మొగపాళేనికి పెద్దకాపు, అంటే ఊరిపెద్ద, గంగులయ్య. ఆయనకు అనుమానం లేని పూట అన్నం సయించదు. కొత్త మనిషి రేవులో అడుగుపెడితే చాలు, ఎవరు వాడు, ఎవరి తాలూకు, ఎందుకొచ్చినాడు అని ఆరా తీయాల్సిందే. ఐసు బండి డ్రైవరు మారినా ఆయనకు చెప్పాలి. ఒకసారి సముద్రపు గాలి కొలిచే యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజినీరును పొద్దు వాలేదాకా పడవ నీడలో కూర్చోబెట్టి, వాళ్ల ముత్తాత పేరుతో సహా చెప్పించాడు. ఊళ్లోవాళ్లు చాటున నవ్వుకుంటారు గానీ ఎదుట ఎవరూ నవ్వరు. ఆయన అనుమానాల్లో ఒకటి నిజమైంది మరి.

దక్షిణాన దిబ్బపాళెం అని ఒక ఊరుండేది. జీపుల్లో వచ్చినవాళ్లు ఏదో రిజిస్ట్రేషన్ అన్నారు, సంతకాలన్నారు, వేలిముద్రలన్నారు. వద్దురా నాయనా అని గంగులయ్య పనిగట్టుకుని వెళ్లి చెప్పాడు. ఎవరూ వినలేదు. ఆ కాగితాల్లో ఏముందో వాళ్లకు అర్థమయ్యేసరికి సముద్రానికీ వాళ్లకూ మధ్య గోడ లేచింది. ఇప్పుడు దిబ్బపాళెం వాళ్లు రోడ్డు పక్క కాలనీలో ఉంటారు, వేటకు ఆటో ఎక్కి వస్తారు. మొగపాళెం పరిస్థితీ అంతకంటే గట్టిదేం కాదు. తాతల నాటి నుంచి ఉంటున్నా ఒక్క ఇంటికీ పట్టా లేదు, అంతా పోరంబోకే. అందుకే రిజిస్ట్రేషన్ అన్న మాట చెవిన పడితే ఆ ఊరికి వెన్ను జలదరిస్తుంది.

ఆ వేసవిలో వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఇసుకలోకి లాగేశారు. మగవాళ్లంతా వలల పాకలో చేరి చిరుగులు కుట్టుకుంటున్నారు. చేతులకు పని ఉంది గానీ నోళ్లకు లేదు. ఆ కొరత తీర్చడానికే అన్నట్టు చిన్నపోలయ్య గ్రామ సచివాలయం నుంచి పరుగున వచ్చాడు. చిన్నపోలయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఆధార్ కార్డులో పేరు సరిచేయించుకోవడానికి వెళ్లిన మనిషికి, అక్కడ డిజిటల్ అసిస్టెంటుగా ఉన్న ఉషారాణి కంప్యూటరు చూస్తూ యథాలాపంగా ఒక మాట అంది.

"అన్నా, మీ ఊరి పేరు అప్పుడే ఎవురో రిజిస్టర్ చేయించుకోనుండారే!"

ఆ పిల్ల చెప్పింది ఊరి పేరు గురించి. సచివాలయం మెట్లు దిగేసరికి అందులో పేరు రాలిపోయింది. సరుగుడు తోపు దాటేసరికి 'ఊరిని ఎవడో రిజిస్టర్ చేయించుకున్నాడంట' అయింది. వలల పాకకు చేరేసరికి ఊరి చుట్టూ గోడ కూడా లేచిపోయింది. ఆడవాళ్లు కొందరు ఏడుపు మొదలుపెట్టారు. గంగులయ్య మాత్రం ఏడవలేదు, అరవలేదు. చేతిలో వల పక్కన పెట్టి, కర్ర అందుకుని, ఇన్నాళ్లకు వచ్చావా అన్నట్టు ఆ వార్తకు ఎదురెళ్లాడు.

ఉషారాణిది కోవూరు. వరి పండించే ఇంటి పిల్ల. కర్ర టకటకలాడిస్తూ లోపలికొచ్చిన పెద్దాయన్ని చూసి లేచి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఏమ్మా, మా ఊరిని రిజిస్టర్ చేయించుకునింది ఎవుడు?"

ఆ పిల్లకు నవ్వొచ్చింది, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. "ఊరు కాదు కాపుగారూ, ఊరి పేరు. కంప్యూటర్లో వెబ్‌సైట్ పెట్టుకునేదానికి ఒక పేరు కావాల గదా, ఆ పేరు. మీ ఎండుచేపలు అమ్మేదానికి ఒక వెబ్‌సైట్ పెడదామని మండలంలో అన్నారు. మొగపాళెం డాట్ కామ్ దొరుకుతుందేమోనని చూస్తే, ముందే ఎవురో తీసేసుకోనుండారు."

"పేరు వాడిదైతే ఊరు మాదెట్టయితది?"

చూపిస్తేనన్నా నమ్ముతాడని ఉషారాణి తెర ఆయన వైపు తిప్పింది. "ఇదిగో, దీన్ని హూ ఈజ్ అంటారు. 'ఎవరు' అని అర్థం. పేరు కొడితే అది ఎవురిదో, ఎప్పుడు తీసుకున్నారో, ఎప్పటిదాకా ఉంటదో అన్నీ చెప్తది."

గంగులయ్య జీవితంలో మొదటిసారి ఒక యంత్రాన్ని గౌరవంగా చూశాడు. ఎవరు, ఎవరు అని తను ఊరంతా తిరిగి అడిగే ప్రశ్నకే పుట్టిన యంత్రం! "అంటే మన ఈసీ మాదిరన్నమాట. భూమి ఎవురి పేరున ఉందో చెప్పే కాగితం."

"అట్టాంటిదే అనుకోండి" అంది ఉషారాణి, పని తేలికవుతుందని. ఆ ఒక్క ముక్కతో ఆ పిల్ల అంతకుముందు చెప్పిందంతా నీళ్లలో కలిసిపోయింది.

"చదవమ్మా."

"రిజిస్ట్రార్..."

"సబ్ రిజిస్ట్రారా? గూడూరా, కోటా?"

"ఆ రిజిస్ట్రారు కాదండీ. పేర్లు అమ్మే కంపెనీ. ముంబైలో ఉండాది."

"కంపెనీ" అన్నాడు గంగులయ్య. ఆ మాటను నాలుక మీద కాసేపు ఉంచుకున్నాడు. "ముంబై కంపెనీ. ఊ, ఎప్పుడు చేయించుకున్నారంట?"

"మొన్నటి దసరా దాటినాక. ఓనరు పేరు మాత్రం దాచుండారు."

"దాచినారా?"

"అందురూ దాచుకుంటారు కాపుగారూ. పేరూ ఫోన్ నంబరూ బయట పెడితే వెబ్‌సైట్లు చేసిపెడతామని ఫోన్లు చేసి చంపుతారు. రాష్ట్రం మాత్రం కనపడతా ఉండాది. ఆంధ్రప్రదేశ్."

ఫోన్ల సంగతి గంగులయ్య చెవికెక్కలేదు. తప్పు చేయనివాడు పేరెందుకు దాచుకుంటాడు? పైగా ఆంధ్రప్రదేశ్ వాడేనట. అంటే ముంబై కంపెనీ వెనక మనవాడే ఒకడున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి ఇలాంటి యంత్రం లేదు కదా.

"ఆ వెబ్‌సైట్లో ఏముండాది ఇప్పుడు?"

ఉషారాణి నొక్కి చూసింది. తెల్లటి తెర మీద ఉన్న ఒకే ఒక్క మాట చదివింది: త్వరలో.

"ఏంది త్వరలో?" అన్నాడు గంగులయ్య. దిబ్బపాళెంలోనూ ముందు ఒక బోర్డు పాతారు, దాని మీద ఇంచుమించు ఇదే మాట ఉందని చదివినవాళ్లు చెప్పారు.

ఓనరు ఎవరో తెలియకపోయినా ఆ పేజీ నుంచే వాళ్లకు కబురు పంపే వీలుందని చెప్పి, మొగపాళెం పెద్దకాపు మీరెవరో తెలుసుకోవాలనుకుంటున్నారు అని ఉషారాణి రాసి పంపింది. జవాబు రాలేదు. ఆ మౌనమే గంగులయ్యకు సగం సాక్ష్యంగా తోచింది.

మిగతా సగం కోసం ఆయన దూరం వెళ్లలేదు. సొంత అల్లుడున్నాడు. గణేష్‌ది దిబ్బపాళెం. ఊరు పోగొట్టుకున్న ఊరి పిల్లాడు. కృష్ణపట్నం వైపు కంపెనీ బస్సు నడుపుతాడు. గంగులయ్య ఒక్కగానొక్క కూతురు దుర్గ వాణ్ని తనే చూసుకుని, తనే మనసుపడి, చేసుకుంటే వీణ్నే చేసుకుంటానని భీష్మించింది. గంగులయ్య పెళ్లి చేశాడు గానీ మనసు పెట్టలేదు. వేలిముద్రలు వేసిన వాళ్ల రక్తం, ఎప్పటికైనా ఆ బుద్ధి పోదు అన్నది ఆయన లెక్క. వాళ్లిద్దరూ ఊళ్లోనే ఉత్తరపు వాడలో కాపురం పెట్టారు. కూతురు ఎదురైతే "ఏం" అంటాడు, అది "ఏంలేదు నాయనా" అంటుంది. తండ్రీకూతుళ్ల మాటలు అంతటితో సరి.

దసరా దాటాకే కదా గణేష్ ఇంట్లోకి ల్యాప్‌టాప్ వచ్చింది! గుర్తు రాగానే గంగులయ్య గుండె గుభేలుమంది. తొంభై శాతం సంతోషంతోనే లెండి. అనుమానం ఫలించినప్పుడు మనిషికి ఒక పాడు సంతోషం కలుగుతుంది, అది ఆయనకూ కలిగింది.

ఆ మరునాటి నుంచి పెద్దకాపుకు వేరే పనిలేదు. అల్లుడు సెలవు రోజున ఫోను చేత్తో పట్టుకుని ఇసుకలో ఊరి అంచు వెంబడే నడుస్తుంటే, ఈయన పడవల చాటున వంగి వెనకే నడిచాడు. గణేష్ గంగమ్మ గుడికి ఫొటో తీశాడు. మంచినీళ్ల బావికి తీశాడు. వలలారేసే దిబ్బకు తీశాడు. పోయిన పెద్దలను పూడ్చిన చోట చాలాసేపు నిలబడి, అక్కడా తీశాడు. ఊళ్లో అందరికంటే పెద్దదైన నాగులమ్మ పక్కన చతికిలబడి, సముద్రం మునుపు ఎక్కడిదాకా ఉండేది, మొదటి గుడిసెలు ఎక్కడ వేశారు అని అడిగి, ఆ ముసలిది చెప్పిందంతా ఫోనులో పట్టుకున్నాడు. కొలతలు, ఫొటోలు, హద్దులు! అమ్మేవాడు కాకపోతే ఇవన్నీ ఎవడికి కావాలి? గంగులయ్య మరికాస్త ముందుకు వంగాడు. అంతలో ఊరకుక్క ఒకటి పెద్దకాపును దొంగనుకుని మొరిగింది. గణేష్ తల తిప్పి చూశాడు. పడవ వెనక నుంచి లేచిన మామ, పోయిందేదో వెతుక్కుంటున్నట్టు ఇసుకను కాసేపు కెలికి ఇంటిదారి పట్టాడు.

అమావాస్యనాడు వలల పాకలో ఊరు కూడింది. మొగపాళెంలో ఏ తగవైనా దురాయితోనే తీరుతుంది. పెద్దకాపు గంగమ్మ మీద ప్రమాణం చేసి పలికే కట్టడే దురాయి. దురాయి పడిన మనిషికి ఊళ్లో నీళ్లు పోయరు, నిప్పివ్వరు, మాట్లాడరు, పడవ ఎక్కించుకోరు. పెద్దకాపు నోటితోనే దాన్ని ఎత్తాలి, ఇంకెవరికీ ఆ హక్కు లేదు. పోలీసులున్నారు, కోర్టులున్నాయి గానీ, మొగపాళెం మనిషి వాటికంటే దురాయికే ఎక్కువ జడుస్తాడు.

గంగులయ్య కర్ర ఇసుకలో పాతి నిలబడ్డాడు. అల్లుడి పేరెత్తలేదు. పేరెత్తితే సొంత కక్ష అంటారని ఆయనకు తెలుసు. అందుకని వల వెడల్పుగా విసిరాడు.

"తల్లి గంగమ్మ సాక్షి. ఈ ఊరి పేరు ఎవురి పేరు మీద ఉండాదో, ఆ మనిషికి ఈ ఊళ్లో నీళ్లు లేవు, నిప్పు లేదు, మాట లేదు. ఆడైనా మగైనా, చిన్నయినా పెద్దయినా, నా ఇంట్లో మనిషైనా సరే. ఇది దురాయి."

ఊరంతా చేతులు జోడించింది. ఆడవాళ్ల వరుసలో దుర్గ ముఖం మాత్రం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదేనని గంగులయ్య ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అల్లుడి వైపు తిరిగాడు.

"ఏమబ్బయ్యా, ఆ పేరు నీదేనా?"

"నా పేరు మీద లేదు మామా" అన్నాడు గణేష్.

"నీ పెళ్లాం పేరు మీదా?"

"దాని పేరు మీదా లేదు."

"అయితే ఎవురి పేరు మీద ఉండాదో తెలుసునా?"

గణేష్ నోరు తెరిచాడు. దుర్గ భర్త వైపు ఒక్క చూపు చూసింది, తల అడ్డంగా ఆడించింది. గణేష్ నోరు మూసుకున్నాడు. పాకంతా చూసింది ఆ చూపును.

"తెలుసు" అన్నాడు చివరికి. "చెప్పను."

"నువ్వు చెప్పు మ్మే" అన్నాడు గంగులయ్య కూతురితో. ఎన్నాళ్ల తర్వాతో ఆయన ఆమెతో అన్న పెద్ద మాట అది.

"చెప్పలేను నాయనా" అంది దుర్గ. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తల దించలేదు.

గంగులయ్య ఒళ్లు మండిపోయింది. కూతురి మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే అంత మంట. "తెలిసి దాచినోళ్లకు కూడా అదే దురాయి" అన్నాడు. ఆ క్షణం నుంచి ఉత్తరపు వాడలో ఆ ఇల్లు ఊళ్లో ఉండీ లేనట్టే అయింది.

తెల్లారి ఉషారాణి సచివాలయం నుంచి పరిగెత్తుకొచ్చింది. "కాపుగారూ, మనుషుల్ని వెలివేయడం నేరం. అది భూమి కాదు, పేరని మీకు ఎన్నిసార్లు చెప్పేది?"

"నేను వెలి వెయ్యలేదమ్మా. దురాయి వేసింది" అన్నాడాయన.

గంగులయ్య భార్య పేరమ్మ మొగుడితో మాటలు మానేసింది. కంచం పెడుతుంది, చెంబు పెడుతుంది, నోరు తెరవదు. ఏందే ఇది అని గట్టిగా అడిగితే ఒకే ఒక్కసారి బదులిచ్చింది. "కూతురితో మాట్లాడకూడదన్నావు, సరే. నీతో మాట్లాడాలని దురాయిలో చెప్పలా గదా."

బావి దగ్గర దుర్గను నీళ్లు తోడుకోనివ్వలేదు. సరుగుడు తోపు అవతల రోడ్డు పంపు నుంచి ఆమె బిందె మోసుకొస్తుంటే, గంగులయ్య వలల పాకలో కూర్చుని చూసేవాడు. చిన్నప్పుడు ఆ పిల్ల తడి ఇసుకలో కాలు దిగబడితే ఎత్తుకోమని చేతులు చాచేది. ఇప్పుడు ఆయన పక్క నుంచే వెళుతూ, దురాయి తప్పకూడదని ముఖం అటు తిప్పుకుని పోతోంది. చెప్పేస్తే పోలా, ఆ దొంగ పేరేదో చెప్పేస్తే పోలా అని పళ్లు నూరుకునేవాడు. ఎవర్ని కాపాడుతోంది ఈ పిల్ల? కన్నతండ్రి కంటే ఎక్కువైనవాడు ఎవడు? దానికీ ఆయన బుర్ర ఒక జవాబు వెతుక్కుంది. కంపెనీ వాడెవడో పెద్ద ఆశే చూపించి ఉంటాడు అనుకున్నాడు.

పట్టుమని పక్షం తిరక్కముందే గణేష్ తెగించాడు. వలల పాక నిండుగా ఉన్న సమయం చూసుకుని, ఉషారాణిని వెంటబెట్టుకుని వచ్చాడు. దురాయి మనిషి పాకలోకి రాకూడదు కాబట్టి బయట ఎండలోనే నిలబడ్డాడు. ఆ పిల్ల లోపలికొచ్చి ల్యాప్‌టాప్ ఒక పీపా మీద పెట్టింది.

"కాపుగారూ, ఓనరు పేరు మీదున్న ముసుగు పొద్దున తీసేసినారంట" అంది. "మీ ముందరే మళ్లీ చూస్తాను."

మగవాళ్లంతా వలలు వదిలి మూగారు. గంగులయ్య జనాన్ని పక్కకు నెట్టి ముందుకొచ్చాడు. ఆ రోజు కోసం ఆయన ఎంతగా కాచుకున్నాడు! ఉషారాణి మొగపాళెం అని కొట్టింది. తెర మీద వరసలు వచ్చాయి. ఆ పిల్ల చదవబోయి, ఆగి, గణేష్ వైపు చూసి, మళ్లీ తెర వైపు చూసింది.

"చదవమ్మా, భయపడొద్దు" అన్నాడు గంగులయ్య. "ఎంత పెద్దోడైనా సరే."

"ఓనరు పేరు... గంగులయ్య" అంది ఉషారాణి సన్నగా. "పెద్దకాపు ఇల్లు, మొగపాళెం, నెల్లూరు జిల్లా."

ఊళ్లో గంగులయ్య ఒక్కడే. పెద్దకాపు ఇల్లు ఒక్కటే. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అందరికంటే ఎక్కువగా గంగులయ్యకు. తన మీదే ఎవడో కుట్ర చేశాడని ఆయనకు తొలుత తోచింది. అలవాటు అంత తేలిగ్గా పోతుందా!

బయట నుంచి గణేష్ గొంతెత్తాడు. వాడు ఎవరితోనూ మాట్లాడలేదు, సముద్రానికి చెప్పుకుంటున్నట్టు అటు తిరిగి చెప్పాడు.

"మా దిబ్బపాళెం లేపేటప్పుడు, ఇక్కడ ఊరుందని రుజువేందని అడిగినారు. మ్యాపులో లేదన్నారు. మా నాయన ఇసక చూపించినాడు, గుడి చూపించినాడు. అవి రుజువులు కాదంట. రేపు మొగపాళేన్ని అట్ట అడగకూడదనే ఇదంతా. గుడి, బావి, పెద్దల సమాధులు, నాగులమ్మవ్వ మాటలు, అన్నీ ఆ వెబ్‌సైట్లో పెడతా ఉండాం. మీరు వేసింది ఎట్టాంటి దురాయో వినినాక దుర్గ ఏడ్చింది. పేరు బయట పడితే నాయనకు నీళ్లు పుట్టవు, మనమే పడదాం అనింది. నీళ్ల బిందె మోసి మోసి దాని భుజం పుండయింది. నేను చూడలేకపొయ్యాను. దానికి చెప్పకుండా నేనే ముసుగు తీసినాను."

వెనకే పరుగున వచ్చిన దుర్గ ఆ చివరి మాటలు వింది. "ఎంత పని చేసినావు!" అని ఇసుకలో కూలబడిపోయింది.

పాకలో నోరు మొదట పెగిలింది చిన్నపోలయ్యకే. "ఇది చెల్లదన్నా. నీకు తెలిసి జరిగిందా ఏమన్నా? దురాయి ఎత్తెయ్యి, వాళ్లదీ ఎత్తెయ్యి, అయిపోతది."

గంగులయ్య తెర వైపు చూశాడు. ఆయనకు చదువు రాదు. ఆ అక్షరాల్లో ఏది తన పేరో కూడా తెలియదు. కానీ దురాయి పలికిన మాటలు ఆయనవే, ఒక్కొక్కటీ గుర్తున్నాయి. "తెలిసుంటేనే అని చెప్పినానా?" అన్నాడు. "ఎవురి పేరు మీద ఉంటే వాళ్లకన్నాను. వెలిలో ఉండేవాడికి దురాయి ఎత్తే నోరు యాడుండాది? ఇప్పుడు నేనెత్తినా అది మీకు పట్టదు. గంగమ్మ కొలుపునాడు కొత్తకాపును పెట్టుకోండి. ఆయన చూసుకుంటాడు."

కర్ర పీపా మీద అడ్డంగా పెట్టి పాక బయటికి నడిచాడు. చిన్నపోలయ్య "అన్నా" అని ఒక అడుగు వేసి, చేతులు జోడించి చేసిన ప్రమాణం గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. జనం రెండుగా చీలి దారిచ్చారు. మొన్నటిదాకా ఆ దారి గౌరవంతో ఇచ్చేవాళ్లు.

గంగులయ్య ఇంటికి వెళ్లాడు. కబురు ఆయన కంటే ముందే చేరింది. పేరమ్మ గడపలో నిలబడి ఉంది. ఇన్ని రోజులూ మాట్లాడనని పంతం పట్టిన మనిషికి, ఇప్పుడు మాట్లాడాలని ఉన్నా వీల్లేకపోయింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గడ్డంతో ఉత్తరపు వాడ వైపు చూపించింది.

అటు తప్ప ఆయనకు పోను ఊళ్లో చోటు లేదు. వెలిలో ఉన్నవాళ్లు వెలిలో ఉన్నవాళ్లతో మాట్లాడకూడదని ఏ దురాయిలోనూ లేదు. అల్లుడి గడప తొక్కడం ఆయనకు అదే మొదలు. ఎండకు ఇసుక కాలుతోంది. తలుపు వారగా నిలబడి, లోపలికి పిలుస్తారో లేదోనని అనుమానించాడు.

దుర్గ అప్పుడే వచ్చినట్టుంది, కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పీట వేసింది, బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చింది. గంగులయ్య చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేదు. కూతురి భుజం మీద రవిక కింద నుంచి కనిపిస్తున్న పుండు చూశాడు.

"నా పేరెందుకు పెట్టినావు మ్మే?"

"వెబ్‌సైట్ పేరు తీసుకునేటప్పుడు, ఎవురి పేరు మీద అని ఆ కంప్యూటరు అడిగింది నాయనా" అంది దుర్గ. "ఆయన పేరు పెడదామా, నా పేరు పెడదామా అని ఇద్దురం కూర్చోని ఆలోచించినాం. రేపు ఎవురో వచ్చి ఆశ పెడితే మా మనసు ఎట్టుంటదో మాకే తెలీదు గదా. ఎవురొచ్చి ఎంత ఆశ పెట్టినా ఈ ఊరిని అమ్మని మనిషి ఎవురా అనుకుంటే, నీ పేరు తప్ప ఇంకోటి తట్టలా."

గంగులయ్య తల వంచుకున్నాడు. బయట కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. ఆయన చెంబు పీట పక్కన పెట్టేశాడు.

"నేనయితే నీ పేరు రాసుండను బిడ్డా" అన్నాడు.

"తెలుసులే నాయనా" అంది దుర్గ. "నీళ్లు తాగు."